చివరి బెంచీలో గుండు

పందెంలో ఓడి కొట్టించుకున్న గుండుకీ, సీటొచ్చి కొట్టించుకున్న గుండుకీ పైకి చూస్తే తేడా ఏమీ ఉండదు. ఎలియెల్ కష్టాలన్నీ అక్కడే మొదలయ్యాయి.

ఆదివారం జరిగిన ఆటలో ఎలియెల్ అభిమానించే ముదురు నీలం జట్టు ఓడిపోయింది. లేత నీలం జట్టు తాలూకు కుర్రాళ్ళు వీధి చివర కుర్చీ వేసి, ఎలియెల్‌ని కూర్చోబెట్టి, నెత్తి నున్నగా గొరిగి పంపారు. పందెం పందెమే కాబట్టి అతనేమీ అనలేదు. కానీ మర్నాడే ఫెడరల్ యూనివర్సిటీ లిస్టు వస్తుందన్న సంగతి గొరిగినవాడికీ గుర్తులేదు, గొరిగించుకున్నవాడికీ గుర్తులేదు.

బెలేం ఊళ్ళో లిస్టు వచ్చిన రోజు గుండుతో బయటికొస్తే ఎవరూ వివరాలు అడగరు. సీటొచ్చిన కుర్రాడికి గుండు కొట్టాలి, నెత్తిన గుడ్డు పగలగొట్టాలి, పైన మైదాపిండి కుమ్మరించాలి. అది ఆ ఊరి ముచ్చట. వాడు మన వీధివాడా, పక్క వీధివాడా అనే పట్టింపు కూడా లేదు.

ఎలియెల్ మాత్రం అదేమీ తలుచుకోకుండా, సైకిల్ హ్యాండిల్‌కి అసాయి సంచులు తగిలించుకుని బయల్దేరాడు. పొద్దున్నే దీవుల నుంచి పడవల్లో దిగిన అసాయి పండ్లని వాళ్ళమ్మ మార్లూసి మెషీన్‌లో ఆడిస్తుంది. చిక్కటి ఊదారంగు గుజ్జుని లీటరు సంచుల్లో కట్టి ఇస్తుంది. వాడుక ఇళ్ళకి చేర్చడం అతని పని. ఒక మలుపు తిరగ్గానే స్పీకర్లో పాట హోరెత్తిపోతోంది, రోడ్డంతా పిండి.

"అమ్మో, ఇంకో గుండు!" అని ఎవరో అరిచారు.

తల తిప్పేలోపు నడినెత్తిన గుడ్డు పగిలింది. సొన కళ్ళలోకి దిగింది. సైకిల్ ఒక పక్కకీ తనొక పక్కకీ పడ్డారు. సంచి ఒకటి పగిలి, గుడ్డు కొట్టిన అమ్మాయి తెల్లగౌను మీద ఊదారంగు చెరువు చేసింది.

"నా గౌను!" అంది ఆ అమ్మాయి.

"నా అసాయి!" అన్నాడు ఎలియెల్.

కళ్ళు తుడుచుకుని చూశాడు. జుట్టు నిండా పిండి, కనురెప్పల మీద పిండి, బుగ్గల మీద లిప్‌స్టిక్ గీతలు. ఇంత అలంకారంలో కూడా ఆ అమ్మాయి బాగుంది. అదే అతనికి కోపం తెప్పించింది.

"గుడ్డు కొట్టేముందు అడగాలా వద్దా?"

"లిస్టు రోజు గుండేసుకుని రోడ్డెక్కావు. ఇంకా అడిగేదేముంది? ఏ కోర్సు?"

"అది కాదు, అసలు సంగతేంటంటే..."

"నాది వాతావరణ శాస్త్రం. మూడోసారికి వచ్చింది! మూడేళ్ళు మా అమ్మ మొహం చూడలేకపోయాననుకో. ఇవాళ పొద్దున్నుంచీ ఆవిణ్ణే చూస్తున్నా." ఆమె నవ్వింది. రెప్పల మీద పిండి రాలింది. "నీదేంటి?"

పందెం సంగతి అతని నాలిక చివరిదాకా వచ్చింది. ఆ నవ్వు చూసి వెనక్కి వెళ్ళిపోయింది.

"అదే," అన్నాడు.

అదేం శాస్త్రమో, అందులో ఏం చెబుతారో అతనికి ఏమాత్రం తెలియదు.

"అమ్మా! వీడు నా క్లాసే!" అని ఆమె గావుకేక పెట్టింది. ఆమె పేరు తైనారా అని, వాళ్ళమ్మ బట్టలు కుడుతుందని, ఆ వీధిలో యూనివర్సిటీ మెట్లెక్కబోయే మొదటి మనిషి ఈ పిల్లేనని అతనికి వాళ్ళింట్లో పెట్టిన ఒక పళ్ళెం అన్నం, చేప వేపుడు తినేలోపు తెలిసిపోయింది. తన పేరు లిస్టులో కనపడలేదేమని అడిగితే, "రెండో లిస్టులో వస్తుంది," అని గొణిగాడు. అబద్ధం గొంతుకి అడ్డం పడింది గానీ, చేప ముక్క మాత్రం సాఫీగా దిగింది.

*

నిజం చెప్పేద్దామనే ఎలియెల్ క్లాసులు మొదలైన రోజు యూనివర్సిటీకి వెళ్ళాడు. ఆ మాట ఒట్టేసి చెప్పగలడు. అవి వానల రోజులు. దీవుల్లో కాపు తగ్గిపోయి పడవలు సగం ఖాళీగా వస్తున్నాయి. మధ్యాహ్నానికల్లా సరుకైపోయి, మార్లూసి కొట్టు ముందు కట్టిన ఎర్రజెండా తీసేసేది. జెండా లేదంటే అసాయి లేదని వీధికంతా తెలుసు. ఆ తరవాత అతనికి పనీ ఉండదు. వెళ్ళి, "సారీ, అది పందెం గుండు," అని ఒక్కమాట చెప్పి వచ్చేద్దామనుకున్నాడు.

గుమ్మంలోనే తైనారా ఎదురొచ్చింది.

"రెండో లిస్టులో వచ్చిందన్నమాట! రా, మొదలైపోయింది."

"ఒక్క మాట చెప్పాలి."

"క్లాసయ్యాక చెప్పు," అని చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళింది.

ముందు వరసల నిండా నూగు మొలుస్తున్న గుండ్లే. చివరి బెంచీలో ఇంకొకటి చేరితే ఎవరికీ అనుమానం రాలేదు. ఆల్సిదెస్ మాస్టారు ముసలాయన. గొడుగు బల్ల మీద పెట్టి, కిటికీ వైపు చూపించారు.

"మన ఊళ్ళో ఎవరైనా ఎవర్నైనా కలవాలంటే వాన ముందా, వాన తరవాతా అని అడుగుతారు. గడియారం అక్కర్లేదు. బాగానే ఉంది. కానీ వాన మధ్యాహ్నమే ఎందుకు రావాలి? పొద్దున్నే వచ్చిపోతే దానికేం పోయింది?"

అందరూ కిటికీ వంక చూశారు. ఎలియెల్ మాత్రం ఉలిక్కిపడ్డాడు. పుట్టినప్పట్నుంచీ నెత్తిన పడుతున్న వాన అది. వాళ్ళమ్మ మోకాలు సలిపితే వానొస్తుందని తెలుసు. ఎందుకొస్తుందని అడగొచ్చని మాత్రం ఎవరూ చెప్పలేదు.

మాస్టారు బోర్డు మీద సముద్రం గీశారు, అడవి గీశారు, ఎండకి వేడెక్కిన నేల గీశారు. సముద్రం మీంచి చల్లగాలి ఎలా లోపలికి నడుచుకుంటూ వస్తుందో, అడవి పీల్చి వదిలిన తేమ ఎలా పైకెక్కుతుందో బాణాలు వేసుకుంటూ పోయారు. ఆఖరి బాణం వేసి సుద్ద కింద పెట్టేసరికి పైకప్పు మీద వాన దబదబా మొదలైంది. క్లాసంతా నవ్వింది. ఎలియెల్ నవ్వలేదు. బోర్డునీ కిటికీనీ మార్చి మార్చి చూస్తూ కూర్చుండిపోయాడు. క్లాసయ్యాక చెప్పాల్సిన మాట మర్చిపోయి, వానలో తడుస్తూ ఇంటికెళ్ళాడు.

మర్నాడు అది చెప్పడానికే మళ్ళీ వెళ్ళాడు. ఆ మర్నాడు కూడా అంతే.

ఆ ఆదివారం అద్దంలో చూసుకుంటే నెత్తిన నల్లటి నీడ కనిపించింది. కొత్తగా చేరినవాడన్న గుర్తు తనకున్నది అదొక్కటే. అది పోతే ఆ బెంచీలోంచి లేపేస్తారు. పరుగున వెళ్ళి మిషన్ పట్టించుకుని వచ్చాడు. అప్పట్నుంచి ఆదివారం ఆదివారం అదే వరస. ప్రేమలో పడ్డవాళ్ళు జుట్టు దువ్వుకుంటారు. ఎలియెల్ ఉన్నది తీయించుకునేవాడు.

"మళ్ళీ గుండేంట్రా?" అంది మార్లూసి.

"పేలు."

"ఇన్ని వారాలుగానా? నెత్తిన వెంట్రుకే లేదు, పేలు దేన్ని పట్టుకుని వేలాడుతున్నాయి?"

నిజం చెప్పొచ్చు కదా అని ఎవరికైనా అనిపిస్తుంది. కానీ వాళ్ళింట్లో గుండు అన్న మాటకి పాత లెక్క ఒకటుంది. ఏడేళ్ళ కిందట అన్న జొజువేకి లా కాలేజీలో సీటొస్తే వీధంతా పిండి చల్లింది. అది ప్రైవేటు కాలేజీ. ఫీజుల కోసం మార్లూసి ఇంటి పడవని అమ్మేసింది. ఆ పడవ మీదే చనిపోయిన మొగుడు దీవుల నుంచి అసాయి తెచ్చేవాడు. జొజువే లా పాసయ్యాడు. లాయరుగా నిలబడాలంటే రాయాల్సిన బార్ పరీక్ష మాత్రం ఎన్నిసార్లు రాసినా దాటలేకపోయాడు. ఇప్పుడు మోటార్‌సైకిల్ మీద మనుషుల్ని దింపుతున్నాడు. పడవ ఇప్పటికీ రేవులోకి వస్తుంది, వేరేవాళ్ళ పండ్లు మోసుకుంటూ. మార్లూసి దానివైపు చూడకుండా బేరం చేస్తుంది.

అందుకే చదువు ఊసొస్తే ఎలియెల్ కూడా, "ఎందుకది? దండగ," అనేవాడు. అలా అని అని అలవాటైపోయింది.

*

తైనారా నోరు ఊరుకునేది కాదు.

"హాజరు పిలిచేటప్పుడల్లా బెంచీ కిందకి దూరతావేంటి?"

"చెప్పు తెగింది."

"రోజూ తెగే చెప్పు ఎక్కడ కొన్నావు? పరీక్ష రోజు కడుపునొప్పి అన్నావు. నీ కడుపు టైమ్‌టేబుల్ చూసుకుని నొప్పి పెడుతుందా?"

"నీకు నామీద ఇంత గమనిక ఎందుకు?"

"గమనిక కాదు. అనుమానం," అంది గానీ మొహం పక్కకి తిప్పుకుంది. చెవులు ఎర్రబడ్డాయి. ఎలియెల్ ఆ చెవుల్ని తలుచుకుంటూ ఆ వారమంతా అసాయి పలచగా ఆడించి అమ్మ చేత తిట్లు తిన్నాడు.

ఇద్దరూ క్యాంటీన్‌లో ఒకే బల్ల మీద తినేవాళ్ళు. మామిడిచెట్ల కింద నడుస్తుంటే అతని నున్నటి నెత్తిన కాయ పడుతుందేమోనని ఆమె పుస్తకం అడ్డం పెట్టేది. అప్పుడప్పుడు ఆమె చెయ్యి పుస్తకంతో పాటు అక్కడే ఆగిపోయేది. ఇద్దరూ ఏమీ జరగనట్టు నడిచేవాళ్ళు.

సెమిస్టర్ ముగింపుకొచ్చేసరికి సంగతి మారింది. కాల్క్యులస్ దెబ్బకి సగం బెంచీలు ఖాళీ అయ్యాయి. ఒక మధ్యాహ్నం తైనారా నది ఒడ్డున రేకుల షెడ్డు కింద ఒంటరిగా కూర్చుని కనిపించింది. పక్కన పూల గొడుగు. అవతలి ఒడ్డు కనపడనంతగా వాన దిగుతోంది.

"పోయింది," అంది, అతను అడక్కముందే. "కాల్క్యులస్. మళ్ళీ మొదట్నుంచి చదవాలి. చదవను. ఇదివరకు పనిచేసిన మందుల షాపు వాళ్ళు రమ్మంటున్నారు. సోమవారం నుంచి అక్కడికే."

"అదేంటి? మూడుసార్లు రాసి తెచ్చుకున్న సీటు!"

"కుట్టుమెషీన్ తొక్కీ తొక్కీ మా అమ్మ కాళ్ళు వాచిపోతున్నాయి. నేనేమో రెండు బస్సులు మారొచ్చి మేఘాలకి పేర్లు పెడుతున్నా. నిన్న పక్కింటామె ఏమందో తెలుసా? 'వానొస్తుందో లేదో చెప్పడానికి నాలుగేళ్ళు చదవాలా? తలెత్తి చూస్తే చాలదా?' అంది. నవ్వేసే మాటే. నాకు నవ్వు రాలేదు." ఆమె కళ్ళు తుడుచుకుంది. "నిజం చెప్పు ఎలియెల్. నువ్వూ నాలాంటి ఇంట్లోంచే వచ్చావు. ఇదంతా దండగేనా?"

దండగ అన్న మాట అతనికి నోటికొచ్చిన పాఠం. ఇన్నేళ్ళుగా అందరికీ అప్పజెప్పిందే. ఇవాళ ఆ మాట అన్నాడంటే ఈ పిల్ల సోమవారం మందుల షాపులో ఉంటుంది. అనకుండా ఉండాలంటే ఇంకోటి చెప్పాలి. అది చెబితే ఈ పిల్ల ఇక తన మొహం చూడదు.

"మన క్లాసులో అందరికీ జుట్టు మొలిచింది," అన్నాడు మెల్లిగా. "నాకెందుకు మొలవలేదో ఎప్పుడైనా అడిగావా?"

"ఇప్పుడు నవ్వించకు."

"నవ్వించడం లేదు. నేను స్టూడెంట్‌ని కాను తైనారా. అది పందెం గుండు. ఆటలో మా జట్టు ఓడిపోయింది. నువ్వు గుడ్డు కొట్టావు. నీ మొహం చూసి 'అదే' అన్నాను. అప్పట్నుంచి ఆదివారం ఆదివారం గీయించుకుంటున్నా. లేకపోతే ఆ బెంచీలోంచి లేపేస్తారని భయం."

అతనికి ఆగడం చేతకాలేదు.

"మొదట్లో నీకోసమే వచ్చా. ఇప్పటికీ సగం నీకోసమే. మిగతా సగం ఆ మాస్టారు కోసం, ఆ బోర్డు మీది బాణాల కోసం. నాకు హాజరు లేదు, మార్కులు లేవు, చివర్న డిగ్రీ కూడా ఇవ్వరు. అయినా తెల్లారకముందే రేవుకెళ్ళి, పండ్లు దించి, పని ముగించుకుని పరిగెత్తుకొస్తున్నా. దండగైతే ఎందుకొస్తాను చెప్పు?"

ఆమె లేచింది.

"మూడేళ్ళు పెళ్ళిళ్ళకి పోలేదు, పండగలకి పోలేదు. అలా చదివి తెచ్చుకున్నా ఆ సీటు. నువ్వు నెత్తి గొరిగించుకొచ్చి కూర్చున్నావు. నేను నీకు నోట్స్ కూడా ఇచ్చాను! కడుపునొప్పి అంటే మా అమ్మ చేత కషాయం కాయించి తెచ్చాను!"

"అది తాగాను కూడా. చాలా చేదు."

"నాతో మాట్లాడకు," అని ఆమె వానలోకి నడిచి వెళ్ళిపోయింది. పూల గొడుగు బెంచీ మీదే ఉండిపోయింది.

*

ఎలియెల్ ఆ తరవాత యూనివర్సిటీకి వెళ్ళలేదు. ఆదివారం మిషనూ పట్టించుకోలేదు. నెత్తి గరగరలాడుతుంటే మార్లూసి, "హమ్మయ్య, పేలు చచ్చాయి," అని సంతోషించింది.

సోమవారం పొద్దున మెషీన్ గడగడలాడుతుండగా కొట్టు ముందు ఒక అమ్మాయి వచ్చి నిలబడింది.

"చిక్కటిదా, పలచటిదా?" అంది మార్లూసి తలెత్తకుండా.

"గొడుగు కావాలి ఆంటీ."

లోపల పండ్లు కడుగుతున్న ఎలియెల్ చేతిలో బుట్ట జారిపోయింది. తైనారా అతన్నీ, మోచేతుల దాకా ఉన్న ఊదారంగునీ, పక్కన తడి బస్తాలనీ చూసింది. మేకుకి తగిలించిన తన గొడుగునీ చూసింది.

"నిజంగానే అసాయి కొట్టువాడివన్నమాట. ఇది కూడా అబద్ధమేమో చూసిపోదామని రేవులో అడిగి వచ్చా."

"నీకు మా వాడెలా తెలుసు?" అంది మార్లూసి.

"యూనివర్సిటీలో నా క్లాసు. చివరి బెంచీ. గుండు."

మార్లూసి మొదట ఆ అమ్మాయిని చూసింది, తరవాత కొడుకు నెత్తిని చూసింది. ఆవిడకి అంతా ఒక్కసారే అర్థమైంది.

"పేలు కాదా!"

"అమ్మా, చెప్తాను..."

"ఏం చెప్తావు? మళ్ళీ అదేనా? ఒక గుండుకి పడవ పోయింది. మీ నాన్న తన చేత్తో రంగులేసుకున్న పడవ. రెండో గుండుకి ఏం అమ్మమంటావు? ఈ మెషీనా? నన్నా?" ఆవిడ గరిటె బల్ల మీద పడేసింది. "లాయరు చదివినవాడు బండి తోలుతున్నాడు. వాన చదివినవాడు ఏం తోలుతాడు?"

తైనారాకి వెళ్ళిపోదామనిపించింది. కానీ బల్ల దగ్గరికి ఇంకో అడుగు వేసింది.

"ఆంటీ, చదివితే మీ పడవ తిరిగొస్తుందని నేను చెప్పను. నాకే తెలీదు. ఇవాళ్టి నుంచి మందుల షాపుకి వెళ్దామనుకున్నదాన్ని. వీడి మీద కోపంతో రాత్రంతా నిద్రపోలేదు. తిట్టీ తిట్టీ అలిసిపోయాక ఒకటే తట్టింది. నేను వదిలేసి పోదామనుకున్న బెంచీలో కూర్చోడానికి ఒకడు వారం వారం నెత్తి గొరిగించుకుంటున్నాడు. ఇక షాపుకి వెళ్ళబుద్ధి కాలేదు."

అప్పుడే మోటార్‌సైకిల్ ఆగింది. జొజువే హెల్మెట్ తీసి గిన్నెడు అసాయి కోసం చెయ్యి చాచినవాడల్లా, అందరి మొహాలూ చూసి ఆగిపోయాడు. సంగతి విని తల్లి పక్కనే స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"నన్ను చూపించి వీణ్ణి భయపెట్టకమ్మా."

"చూపించక? నీ కష్టం నేను చూళ్ళేదా?"

"చూశావు. పోయిన నెల రేవు పక్క ఇళ్ళు ఖాళీ చేయమని కాగితాలొస్తే, వీధివాళ్ళంతా ఎవరి దగ్గరికొచ్చారు? ఈ బల్ల మీదే కూర్చుని జవాబులు ఎవరు రాశారు? నేను బార్ పరీక్ష తప్పాను. చదివింది తప్పలేదు. మళ్ళీ రాస్తాను, అది వేరే మాట. పడవ అమ్మినందుకు నాకూ రోజూ గుచ్చుకుంటుంది. కానీ ఆ పడవకి బదులు ఏమీ రాలేదని మాత్రం అనకు."

మార్లూసి కొంగు లాంటి ఏప్రన్ అంచుతో మొహం తుడుచుకుంది. మెషీన్ మూత తీసి, అవసరం లేకపోయినా మళ్ళీ కడిగింది. వాళ్ళు ముగ్గురూ ఆవిణ్ణే చూస్తున్నారు.

"అమ్మడానికి ఇంకేమీ లేదు. ముందే చెప్తున్నా," అంది చివరికి.

"అది ఫీజుల్లేని యూనివర్సిటీ అమ్మా."

"ఫీజు లేకపోతే ఖర్చు లేదనుకుంటున్నావా? బస్సుకి? తిండికి? నువ్వు లేని పూట పండ్లు ఎవడు దించుతాడు?"

"పొద్దున పని నాదే. ఎప్పటికీ నాదే."

"దొంగతనంగా కూర్చోడం మాత్రం ఒప్పుకోను. దర్జాగా పరీక్ష రాసి కూర్చో. లేకపోతే మానెయ్." అని తైనారా వైపు తిరిగింది. "నీకు గొడుగు ఒక్కటే చాలా, అసాయి కూడా తింటావా?"

"చిక్కటిది," అంది తైనారా.

ఆమెని బస్సెక్కించడానికి ఎలియెల్ వెంట నడిచాడు.

"కాల్క్యులస్ మళ్ళీ చదువుతున్నా," అందామె. "సాయంత్రాలు మీ కొట్టుకొచ్చి నీకు లెక్కలు చెప్తాను. చెబితే నాకూ వస్తాయి. కోపం మాత్రం ఇంకా పోలేదు."

"ఎప్పటికి పోతుంది?"

"జుట్టు పెంచు. ఇక గుండు లేదు. సీటొచ్చాకే గుండు. అదీ నా చేత్తో."

*

కాపు కాలం వచ్చింది. పడవలు నిండుగా దిగసాగాయి. పరీక్ష కూడా ఆ రద్దీలోనే వచ్చింది. ఎలియెల్ పండ్లు దించుతూ సూత్రాలు వల్లించేవాడు. తైనారా ఖాళీ అసాయి బుట్ట బోర్లించి కూర్చుని, తప్పు చేసినప్పుడల్లా అతని జుట్టు పట్టుకుని లాగేది. జుట్టు పెంచమన్నది ఇందుకేనని అతనికి అప్పుడు అర్థమైంది. ఆల్సిదెస్ మాస్టారు కూడా ఒక సాయంత్రం గొడుగేసుకుని కొట్టుకొచ్చారు. అసాయి తిని వెళ్తూ, "చివరి బెంచీ ఖాళీగానే ఉంచాను. ఈసారి హాజరు పలకాలి," అని ఊరుకున్నారు.

మళ్ళీ లిస్టు రోజు వచ్చింది. ఆ పూట మార్లూసి రేడియో వంక చూడను కూడా చూడలేదు. మెషీన్ వేసి, గిరాకీ ఉన్నా లేకపోయినా ఆడిస్తూనే ఉంది. గడగడ చప్పుడులో రేడియోలో పేర్లు ఒక్కటీ వినపడటం లేదు. ఎలియెల్ గోడకి ఆనుకుని నిలబడ్డాడు. చెవులదాకా పెరిగిన జుట్టు చెమటకి అతుక్కుపోయింది. తైనారా ఒక చెయ్యి వెనక్కి పెట్టుకుని అతని పక్కనే ఉంది.

"వాతావరణ శాస్త్రం..." అంది రేడియో.

మెషీన్ ఆగిపోయింది. గిరాకీ లీటరు సగంలో ఉండగా మార్లూసి మెషీన్ ఆపడం ఆ వీధిలో ఎవరూ ఎరగరు. లీటరు కోసం నిలబడ్డ ముసలాయన కూడా రేడియో వైపు చెవి పెట్టాడు. మార్లూసి స్విచ్చి మీద చెయ్యి తీయకుండా కళ్ళు మూసుకుంది.

అక్షరాల వరసలో పేర్లు నడుస్తున్నాయి. డి అయింది. ఇ మొదలైంది.

"ఎలియెల్ పంతోజా మోంతెయిరు."

మార్లూసి కళ్ళు తెరిచింది. సొరుగులోంచి కత్తెర తీసింది. సంచులు కత్తిరించే కత్తెర అది. కొడుకుని బోర్లించిన బుట్ట మీద కూర్చోబెట్టి, నుదుటి మీది జుట్టు పాయ ఒకటి పట్టుకుంది.

"పడవ అమ్మిన రోజు కూడా ఇంత భయం వెయ్యలేదురా," అని ఆ పాయ కత్తిరించి ఏప్రన్ జేబులో వేసుకుంది. తరవాత కత్తెర తైనారా చేతికిచ్చింది. "కానివ్వమ్మా. ఇకనుంచి వీడి నెత్తి నీ పూచీ."

జొజువే అప్పటికే బండి మీద మైదాపిండి సంచితో దిగాడు. వీధి వీధంతా కొట్టు ముందుకొచ్చింది. సంచుల కత్తెర, పక్కింటివాళ్ళ మిషను కలిపి తైనారా గుండు పూర్తిచేసేసరికి అది వంకర టింకరగా వచ్చింది. ఆమె వెనక్కి జరిగి తన పనితనం చూసుకుంది.

"నీకన్నా ఏడాది సీనియర్‌ని నేను. మర్యాదగా మాట్లాడాలి."

"అలాగే మేడమ్."

"సగం నాకోసం వచ్చానన్నావు అప్పుడు. ఆ సగం ఇంకా ఉందా?"

"అది జుట్టు కాదు కత్తిరిస్తే పోవడానికి," అన్నాడు ఎలియెల్. "నువ్వంటే ఇష్టం తైనారా. గుడ్డు పగిలిన క్షణం నుంచీ."

ఆమె చెవులు మళ్ళీ ఎర్రబడ్డాయి. ఈసారి మొహం పక్కకి తిప్పుకోలేదు. వంగి అతని బుగ్గ మీద ముద్దు పెట్టింది. వీధంతా ఈలలేసింది. మార్లూసి మోకాలు రుద్దుకుంటూ ఆకాశం వంక చూసి, "తొందరగా కానివ్వండి, వానొస్తోంది," అంది.

"ఎందుకొస్తోందో చెప్పనా అమ్మా?"

"తరవాత చెబుదువుగాని. వింటాను."

తైనారా వెనక దాచిన చెయ్యి ముందుకు తెచ్చింది. చేతిలో గుడ్డుంది.

"ఏ కోర్సు?" అంది.

"అదే," అన్నాడు ఎలియెల్.

"కొట్టనా?"

"కొట్టు."